ఒక్క నొక్కు, రెండు రద్దులు

ఈ సంగతిలో నాకు ఖచ్చితంగా తెలిసినది కొంత, విన్నది కొంత. మా లాబొరేటరీలో ఈ రెండూ కలిసిపోయి చాలాకాలం చలామణి అయ్యాయి. కాబట్టి ముందు వాటిని విడదీయాలి.

తెలిసినవి ఇవి. ఓడలోకి ఎక్కించిన ఇనుప ఖనిజపు పరీక్షా ఫలితాల్లో నాలుగు వరుసలు కంప్యూటరులో తప్పుగా నమోదయ్యాయి. నాలుగూ ఒకే ఆపరేటరు లాగిన్ కింద ఉన్నాయి. ఆ ప్రోగ్రాము వాడకానికి పనికివస్తుందని పరీక్షించి సంతకం పెట్టింది నేను. ఈ మూడింటికీ కాగితాలను నా కళ్లతో చూశాను.

విన్నవి ఇవి. ఆ ఆపరేటరు స్లిప్పు చూడకుండా పై వరుసను దించేసేవాడని ఒకరన్నారు. సరుకు యజమాని తాలూకు మనిషితో అతడు టీ తాగుతుండగా చూశామని మరొకరన్నారు. ఓడ అవతలి రేవులో ఇరవై రోజులు నిలిచిపోయిందని ఇంకొకరన్నారు. వారం తిరిగేసరికి అవి నలభై రోజులయ్యాయి. నేను అడిగిన ప్రతివారూ తమకు చెప్పిన మరొకరిని చూపించారు. స్వయంగా చూసిన మనిషి ఎక్కడా దొరకలేదు. అందుచేత విన్నవాటిని ఇక్కడితో వదిలిపెడుతున్నాను.

ప్రోగ్రాములు రాసే, పరీక్షించే ఉద్యోగాల్లో కొత్తగా చేరినవారి కోసం ఇది రాస్తున్నాను. మీ పనిముట్లు మారాయి. మీట ఒకటి నొక్కితే అది ఎవరికి చేరుతుందన్న ప్రశ్న మాత్రం మారలేదు.

నేను రసాయనశాస్త్రం చదివాను. విశాఖ రేవుకు లారీలు పోయే రోడ్డు పక్కన ఉన్న ఒక చిన్న ప్రైవేటు లాబొరేటరీలో తొంభైల్లో చేరాను. రెండువేల సంవత్సరం దాటాక ఫలితాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించాలని నిర్ణయించినప్పుడు, అంకెలను అనుమానించే అలవాటున్న మనిషి అవసరమని నన్ను పరీక్షల బల్ల నుంచి కంప్యూటరు గదికి మార్చారు. ఆ గదిలో ఇద్దరమే ఉండేవాళ్లం. ప్రోగ్రాము రాసేవాడు ఒకడు, రాసినదాన్ని నమ్మనిదాన్ని నేను.

ప్రోగ్రామరుది ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. సీతమ్మధారలో పుట్టి పెరిగినా అతడి మాట మాత్రం అటుదే. నేను ఏ లోపం చూపించినా "ఆయ్, మీరు మరీనండీ" అనేవాడు. అది అంగీకారమో నిరసనో పదేళ్లలో తేల్చుకోలేకపోయాను.

ప్రోగ్రాము చేసే పని సులభమైనదే. ఓడలోకి ఖనిజం ఎక్కుతున్నప్పుడు ఇంత సరుకుకు ఒకటి చొప్పున నమూనాలు తీస్తారు. ఒక్కో నమూనాకు ఒక్కో వరుస. తేమ, ఇనుము, సిలికా, అల్యూమినా, భాస్వరం, గంధకం, ఆపైన ముక్కల పరిమాణాలు కలిపి వరుసకు పదకొండు గళ్లు. పరీక్షల బల్ల నుంచి చేతిరాత స్లిప్పు వస్తుంది. ఆపరేటరు దాన్ని చూసి టైపు చేస్తాడు. ఒకే గుట్టలోని నమూనాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కనుక, కొత్త వరుస తెరవగానే ప్రోగ్రాము పై వరుసను ఉన్నదున్నట్టు కిందికి దించి భద్రపరిచేది. ఆపరేటరు వాటి మీద కొత్త అంకెలు కొట్టుకుంటూ పోవాలి. ఈ సౌకర్యం కావాలని అడిగింది లాబొరేటరీవారే. వద్దని నేను ఒక కాగితం రాశాను. గట్టిగా పట్టుబట్టలేదు.

తెర మీద కనిపించేది ఒక గళ్ల పట్టికే అయినా, దాని కట్టుబడి పెట్టెలో పెట్టె పెట్టినట్టు ఉంటుంది. అన్నిటికంటే బయట విండో. దాని లోపల పట్టిక. ఏదైనా గడిలో టైపు మొదలుపెట్టగానే ఆ గడి మీద ఒక చిన్న టైపు పెట్టె తెరుచుకుంటుంది. మనిషి మీట నొక్కేది ఒక్కసారే. దాన్ని అందుకోవడానికి లోపల ఇంతమంది వరుసగా నిలబడి ఉంటారు. ముందు ఎవరు అందుకోవాలి, అందుకున్నవారు తమ దగ్గరే ఆపేయాలా, పక్కవారికి అందించాలా అన్నది ప్రోగ్రామరు చెప్పాలి. చెప్పకపోతే అది సాగిపోతూనే ఉంటుంది.

ఎస్కేప్ మీట విషయంలో పట్టికకు పుట్టుకతోనే ఒక నియమం ఉంది. గడిలో టైపు సాగుతుండగా నొక్కితే ఆ గడిలో కొట్టినది మాత్రమే రద్దవుతుంది. గడిలో టైపు ఏదీ సాగనప్పుడు నొక్కితే వరుసలో చేసిన మార్పులన్నీ రద్దయి, వరుస మొదట తెరిచినప్పుడు ఎలా ఉందో అలా అయిపోతుంది. మా ప్రోగ్రామరు దీనికి అదనంగా, మీటలన్నిటినీ ముందు విండో చూసేటట్టు ఏర్పాటు చేశాడు. అలా చేయడానికి అతడికి మంచి కారణాలే ఉన్నాయి.

నా పరీక్షా పత్రంలో ఎస్కేప్ మీటకు ఎదురుగా నేను రాసింది ఇది: కొత్త వరుస తెరిచాను, రెండో గడిలో తప్పు అంకె కొట్టాను, ఎస్కేప్ నొక్కాను, పాత అంకె తిరిగి వచ్చింది, సరిగా ఉంది. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. లోపం మాత్రం ఉంది. దాన్ని నేను రెండు నెలలు ఆలస్యంగా చూశాను.

ప్రోగ్రాము వాడకంలోకి వచ్చిన రెండో నెలలో ఒక ఓడ సరుకు విషయంలో అవతలి రేవు లాబొరేటరీ అంకెలకూ మా ధ్రువపత్రానికీ తేడా వచ్చింది. మా మేనేజరు కృష్ణా జిల్లా నుంచి వచ్చి రేవు పనుల్లోనే తల నెరిసిన మనిషి. ఆయన స్లిప్పులన్నిటినీ కంప్యూటరుతో పోల్చి చూడమన్నారు. నేనూ ఇద్దరు కెమిస్టులూ మూడు రోజులు కూర్చున్నాం. నాలుగు వరుసలు తేలాయి. వాటిలోని తప్పు అంకెలు ఏవో చేతికొచ్చినవి కావు. అచ్చంగా పై వరుసలోని అంకెలు.

"ఇంకేం కావాలమ్మా?" అన్నారు మేనేజరు. "స్లిప్పు చూడటానికి బద్ధకించి పైది వదిలేశాడు. నాలుగూ అతగాడి లాగిన్‌లోనే కదా."

అతగాడు ముప్పై దాటిన మనిషి. భీమునిపట్నం దగ్గర చేపలు పట్టే కుటుంబం. అన్నదమ్ముల్లో వేటకు పోకుండా కీబోర్డు ముందు కూర్చున్నది ఇతడొక్కడే. రోజూ బస్సులో వచ్చేవాడు. మాకు రెండు కంప్యూటర్లు, ఇద్దరు ఆపరేటర్లు. పర్మనెంటు ఉద్యోగి అయిన సీనియరు ఏసీ పక్కన కూర్చునేవాడు. కాంట్రాక్టు మనిషి కాబట్టి ఇతడిది ఖనిజం పొడిచేసే గది తలుపు పక్క సీటు. ఆ తలుపు తెరిచినప్పుడల్లా ఎర్రటి ధూళి వచ్చి అతడి కీబోర్డు మీద వాలేది.

కాంట్రాక్టు ఏడాదికోసారి పొడిగిస్తారు. పొడిగించే గడువు ఆ నెలాఖరే. కానీ అసలు ప్రమాదం అది కాదు. ఫలితాలు కల్పించాడని ఒకసారి కాగితం మీద పడితే రేవు చుట్టుపక్కల ఏ లాబొరేటరీ గేటూ ఆ మనిషికి తెరుచుకోదు. అందరూ అందరినీ ఎరిగిన చిన్న ప్రపంచం మాది.

విచారణ వేశారని తెలిసిన రోజున అతడు మా గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మేడమ్, నాను కాపీ కొట్టనేదు. నా మాట నమ్మండి."

"నమ్మడం నా పని కాదు. చూడడం నా పని" అన్నాను.

"అయితే సూడండి మేడమ్. సూసీసి, ఏటి కనపడితే అదే సెప్పండి."

చూశాను. నా తర్కం ఇది. ఆ మనిషీ ఆ కంప్యూటరూ ఎప్పుడూ విడిపోలేదు. తప్పులన్నీ ఆ మనిషి చేతి కింద జరిగాయంటే, ఆ కంప్యూటరు మీద జరిగాయనడం కూడా అంతే నిజం. రెంటినీ వేరుచేయాలి. అందుకని నేను అతడి సీట్లో కూర్చుని, అదే ఓడ స్లిప్పులన్నిటినీ మొదటి నుంచి చివరివరకు టైపు చేశాను. ఒక్క తప్పూ రాలేదు. మరుసటి రోజు మళ్లీ చేశాను. అప్పుడూ రాలేదు. "దోషం కనబడలేదు" అని నివేదిక రాసి ఇచ్చాను.

చదివినవారు దాన్ని "దోషం లేదు" అని చదివారు. ఈ రెండు వాక్యాల మధ్య ఎంత దూరముందో నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. అతడు కోరగా చేసిన పరీక్ష అతడి మీద అన్నిటికంటే బలమైన సాక్ష్యమైంది.

ఆ సాయంత్రం పక్క గదిలోంచి ఆపరేటర్లిద్దరి మాటలు వినపడ్డాయి.

"ఏటి బావా, మేడమ్ సూసీసినారట గదా. మిషను మంచిదేనట. ఇంక నీకు సముద్రమే దిక్కు" అన్నాడు సీనియరు.

"నీ నోట్లో ఎర్రమట్టి పడ! నాను తెప్పెక్కితే నీ పని కూడా ఎవుడు సేత్తాడు?"

"అదీ నిజమే బావా. నాకు రోజుకి ఒక ఓడ కొట్టడమే గగనం."

ఇద్దరూ నవ్వారు. ఇతడి నవ్వు త్వరగా ఆగిపోయింది.

మొదటి విచారణలో నేను లేను. రెండోదానికి నన్ను సాక్షిగా పిలిచారు. అది మధ్యాహ్నం మూడు గంటలకు. ఆ ఉదయం, మొదటి విచారణలో నమోదు చేసిన వాంగ్మూలం నకలు ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. మేనేజరు ఆఫీసు గుమాస్తా దాన్ని ఇంగ్లీషులో టైపు చేశాడు. అందులో ఒక వాక్యానికి తెలుగు ఇది: "తప్పు జరిగినప్పుడు తాను తప్పించుకుంటాననీ, ఆ తరువాత మళ్లీ కాపీ చేస్తాననీ ఉద్యోగి అంగీకరించాడు."

నేను ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. దయతో కాదు, అది మనిషి మాటలా లేదు కనుక. నేరం ఒప్పుకునేవాడు "అవును, చేశాను" అంటాడు, లేదా ఏడుస్తాడు. తప్పు జరిగినప్పుడల్లా క్రమం తప్పకుండా తప్పించుకుంటానని, ఏదో వంట చేసే పద్ధతి చెప్పినట్టు ఎవరూ చెప్పరు. గుమాస్తా దగ్గరికి వెళ్లాను.

"అతడు అన్న మాట అన్నట్టే గుర్తుందా?"

గుమాస్తా కొంచెం నొచ్చుకున్నాడు. "గుర్తు లేకేమండీ. 'తప్పు పడితే ఎస్కేపు కొట్టీసి మళ్లీ కొడతాను సార్' అన్నాడు. ఎస్కేపంటే తప్పించుకోవడం. కొట్టడమంటే కాపీ కొట్టడం. అంతే కదండీ?"

మన భాషలో టైపూ కొడతాం, కాపీ కూడా కొడతాం. గుమాస్తా జీవితమంతా టైపు కొట్టి బతికినవాడు; అయినా ఆ గదిలో అందరి మనసులోనూ అప్పటికే "కాపీ" అన్న మాట ఉంది గనుక, "కొడతాను" అన్నది వెళ్లి దానికే అతుక్కుంది. కీబోర్డు ఎడమ మూలన ఎస్కేప్ అనే మీట ఒకటి ఉందని ఆయనకు తెలియదు. ఆయన వాడేది టైపురైటరు.

నాకు ఆ మీట తెలుసు. అయితే నేను ఓడ మొత్తాన్ని రెండుసార్లు టైపు చేసినప్పుడు దాన్ని ఒక్కసారి కూడా నొక్కలేదు. అంకె తప్పు పడితే బ్యాక్‌స్పేస్ నొక్కి సరిచేసుకున్నాను. మనిషినీ కంప్యూటరునూ వేరుచేశాననుకున్నాను. కానీ మనిషితో పాటు అతడి అలవాటు కూడా లేచి వెళ్లిపోయిందని నాకు తట్టలేదు.

పదకొండు గంటలకు అతడిని అతడి సీట్లోనే కూర్చోబెట్టి, ఒక స్లిప్పు ఇచ్చి, రోజూ కొట్టినట్టే కొట్టమన్నాను. ప్రోగ్రామరు, సీనియరు ఆపరేటరు పక్కన నిలబడ్డారు.

"మధ్యలో ఎక్కడైనా తప్పు కొట్టి, నువ్వెలా దిద్దుతావో అలా దిద్దు" అన్నాను.

అతడి కుడి చెయ్యి అంకెల మీటల మీద పరిగెత్తింది. ఎనిమిదో గడిలో తప్పు కొట్టాడు. కుడి చెయ్యి కదపకుండానే ఎడమ చేతి వేలితో ఎస్కేప్ నొక్కాడు. గడిలోని తప్పు పోయి పాత అంకె వచ్చింది. దాని మీద సరైన అంకె కొట్టి ముందుకు పోయాడు.

"బ్యాక్‌స్పేస్ ఎందుకు నొక్కవు?"

"అది ఎర్రమట్టి పట్టీసి అప్పుడప్పుడు ఇరుక్కుపోతాది మేడమ్. ఒకపాలి నొక్కితే పైకి రాదు. ఉన్నదంతా తినీస్తాది. అందుకే ఎస్కేపు కొట్టీడం."

అతడి తెర చిన్నది. పదకొండు గళ్లలో ఆరు మాత్రమే కనపడతాయి. కుడికి పోతున్నకొద్దీ ఎడమవి తెరలోంచి జారిపోతాయి. మౌస్ తీసుకుని పట్టికను ఎడమకు జరిపాను. తేమ, ఇనుము, సిలికా, అతడు మా కళ్ల ముందే కొట్టినవి, ఏడు గళ్లూ పై వరుస అంకెలతో నిండి ఉన్నాయి.

ప్రోగ్రామరు వంగి తెరను దగ్గరగా చూశాడు.

"ఆయ్... అదేంటండీ బాబూ" అన్నాడు.

"మీకు ఇప్పుడు కనపడినాదా సార్?" అన్నాడు ఆపరేటరు నెమ్మదిగా. "మొదటి గళ్లలో ఉన్నప్పుడు నాకూ కనపడీది. ఎనక్కి పోనాయి అనీసి మళ్లీ కొట్టీసీవోడిని. ఈడితో సెప్పినాను గూడా."

సీనియరు తల గోక్కున్నాడు. "సెప్పినాడు మేడమ్. 'మిషనంతే బావా' అన్నాను. నాకేటి తెలుసు?"

జరిగినది ఇది. ఎస్కేప్ నొక్కగానే ముందుగా అందుకునేది విండో. అది గడిలోని టైపును రద్దు చేసి, టైపు పెట్టెను మూసేసింది. అక్కడితో మీటను ఆపేయాలి. ఆపలేదు. అదే మీట సాగిపోయి పట్టికకు చేరింది. పట్టిక చూసుకుంటే గడిలో టైపు ఏదీ సాగడం లేదు. ఒక క్షణం ముందే విండో మూసేసింది. అంటే ఇది రెండో నొక్కు అని పట్టిక భావించింది. నియమం ప్రకారం వరుస మొత్తాన్ని రద్దు చేసింది. మనిషి నొక్కింది ఒకసారి. రద్దయినవి రెండు. విండో, పట్టిక ఎవరికి వారు తమ పనిని సక్రమంగానే చేశారు.

ఇప్పుడు నా పరీక్షా పత్రంలోని లోపం చెబుతాను. నేను కొత్త వరుసలో ఒకే ఒక గడిని మార్చి ఎస్కేప్ నొక్కాను. మార్చినది ఒకే గడి అయినప్పుడు గడి రద్దయినా, వరుస రద్దయినా కళ్లకు కనిపించే ఫలితం ఒకటే. రెండు ఊహల్లో ఏది నిజమో తేల్చలేని ప్రయోగాన్ని ప్రయోగం అనకూడదని నాకు కాలేజీలోనే నేర్పారు. ఇతరుల ప్రయోగాల్లో ఈ తప్పును ఎన్నోసార్లు పట్టుకున్నాను. నా సంతకం ఉన్నదాంట్లో వెతకలేదు.

ముందూ తరువాతా తెరలు ప్రింటు తీయించాను. అప్పటికి పన్నెండయింది. రెండు గంటలకు మరో ఓడ ఫలితాలు రావడం మొదలవుతుంది.

"వెంటనే సరిచేయండి. పాతది రెండు కంప్యూటర్లలోంచీ పూర్తిగా తీసేయండి. ఇంకొక్క వరుస కూడా దాని మీద పడకూడదు" అన్నాను.

"ఒక్క లైనేనండీ" అన్నాడు ప్రోగ్రామరు. "విండో పట్టుకున్న మీటను అక్కడికక్కడే చంపేయాలి. ఎస్కేపుకే కాదు, ఎంటరుకీ, బాణం మీటలకీ అన్నిటికీ ఒకేసారి పెట్టేస్తాను. మళ్లీ మళ్లీ ఎందుకండీ?"

"పెట్టండి" అన్నాను.

అతడు సరిచేసి, పాత ప్రతి మీదనే కొత్తది భద్రపరిచాడు. ఆ రోజుల్లో మా పద్ధతి అదే. ఒంటిగంటన్నరకు పాతది ఎక్కడా లేదు.

ఆ తరువాతే నేను నాలుగు తప్పు వరుసలను ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎస్కేప్ చేసే తప్పుకు ఒక గుర్తు ఉంటుంది. వరుసలో ఏదో ఒక గడికి ఎడమవైపువన్నీ పాతవి, ఆ గడి నుంచి కుడివైపువన్నీ కొత్తవి. మొదటి వరుస సరిగ్గా అలాగే ఉంది. రెండోది, మూడోది కూడా అలాగే. నాలుగోది అలా లేదు. అందులో భాస్వరం గడి ఒక్కటే పై వరుస అంకె. దానికి ఎడమవైపు నాలుగూ సరైనవే, కుడివైపు ఆరూ సరైనవే. ఎస్కేప్ అలాంటి పని చేయలేదు.

ప్రోగ్రామరుకు చూపించాను.

"వదిలేయండి మేడమ్" అన్నాడు. "మూడు మనవే అని తేలిపోయాయి కదండీ. నాలుగోది కూడా ఆ ఖాతాలోనే పోతుంది. ఎవరండీ అడిగేది?"

"నేను అడుగుతున్నాను."

"ఆయ్, మీరు మరీనండీ" అన్నాడు. ఆ రోజు అది నిరసనే.

నివేదికలో మూడు వరుసలకు కారణం ప్రోగ్రాము అనీ, నాలుగోదానికి కారణం తెలియదనీ రాశాను. నా పరీక్షా పత్రం ప్రతిని, దానిలోని లోపాన్ని గుర్తుపెట్టి, చివర జతచేశాను.

మూడు గంటలకు విచారణ గదిలో మేనేజరు, ఇంకో ఇద్దరు పెద్దలు, గుమాస్తా, ఆ ఆపరేటరు ఉన్నారు. నేను ప్రింట్లు పరిచి చెప్పాను. మేనేజరు తెలివైనవారు, రెండోసారి చెప్పించుకోలేదు. గుమాస్తా తన వాంగ్మూలంలోని వాక్యాన్ని తానే కొట్టేశాడు.

"సరేనమ్మా. మూడూ ప్రోగ్రాము తప్పే. నాలుగోది?" అన్నారు మేనేజరు.

"తెలియదండి."

"తెలియదంటే? అతగాడిదా, కాదా?"

"అతడిదని చెప్పడానికి ఆధారం లేదు. కాదని చెప్పడానికీ లేదు."

ఆయన ఆపరేటరు వైపు తిరిగారు. "ఏమయ్యా, నువ్వు చెప్పు. ఆ గడి వదిలేశావా?"

అతడు అవునన్నా కాదన్నా సులభంగా తేలిపోయేది. "గురుతు నేదు సార్. రోజుకి అన్నన్ని వరుసలు కొడతన్నాను. వదిలీసుంటే వదిలీసుంటాను. కావాలనీసి మాత్రం వదల్నేదు" అన్నాడు.

నిర్ణయం ఆ సాయంత్రమే వచ్చింది. ఫలితాలు కల్పించాడన్న ఆరోపణ ఎత్తేశారు. నాలుగో వరుస విషయంలో అజాగ్రత్తకు లిఖితపూర్వకంగా హెచ్చరించారు. కాంట్రాక్టు ఏడాదికి బదులు ఆరు నెలలకు పొడిగించారు. నా పరీక్షా పత్రాన్ని మేనేజరు మడిచి సొరుగులో పెట్టి, "ఇది మనలో మనం చూసుకుందాంలేమ్మా" అన్నారు. ఆయనా చూడలేదు, నేనూ గుర్తుచేయలేదు. నాకు హెచ్చరిక ఏదీ రాలేదు.

మరునాడు గేటు బయట టీ కొట్టు దగ్గర అతడు ఎదురయ్యాడు. కృతజ్ఞతలు చెబుతాడేమోనని నేను కొంచెం ఇబ్బందిపడ్డాను. ఆ ఇబ్బంది అనవసరమైంది.

"మేడమ్, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. నాలుగోది కూడా మిషనుదే అనీసుంటే మీకేటి పోయీది?"

"నాకు తెలియదు కాబట్టి అనలేదు."

"నాకూ తెలీదు మేడమ్. మీకూ తెలీదు, నాకూ తెలీదు. కాగితం మీద మాత్రం నాదే అయిపోనాది."

టీ గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. ఆ తరువాత మరి కొన్నేళ్లు మా దగ్గరే పనిచేశాడు. కాంట్రాక్టు ప్రతిసారీ పొడిగించారు, ప్రతిసారీ ఆరు నెలలకే. నేను రాసిన "తెలియదు" అన్న మాట అతడి ఫైలులో "అజాగ్రత్త"గా ఉండిపోయింది. నేను రాసినది తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ తెలియనిదాన్ని తెలియదని రాసినప్పుడు, ఆ ఖాళీ ఎవరి పద్దులో పడుతుందో కూడా అక్కడే రాసి ఉండాలి. సందేహానికి అతడిని శిక్షించకూడదని ఒక్క వాక్యం చేర్చి ఉండవచ్చు. అది నా పరిధి కాదనుకున్నాను.

ఇక ఆ భాస్వరం గడి. అతడు చూడక వదిలేశాడా? లేక పక్క గడికి దాటించే ఎంటరును ఒక్కసారి నొక్కితే, అది కూడా ఎస్కేప్ లాగే విండో నుంచి పట్టికకు సాగిపోయి ఒకటికి బదులు రెండు గళ్లు దూకగా, తెర మీద ఉన్న గడిని చూసుకుని అతడు గంధకం అంకె కొట్టేశాడా? కొత్త ప్రోగ్రాములో ఎంటరు అలా దూకదు. ఎన్నో విధాలుగా నొక్కి చూశాను. కానీ ఆ మధ్యాహ్నం ఎస్కేప్‌తో పాటు ఎంటరును కూడా సరిచేశారు. పాతదాంట్లో అది ఎలా నడిచేదో ఎవరూ పరీక్షించలేదు. పరీక్షించడానికి పాతది లేదు. ఒంటిగంటన్నరలోపు దాన్ని పూర్తిగా తీసేయించింది నేనే. నాలుగో వరుస మిగతావాటిలా లేదని అప్పటికి ఇంకా చూడలేదు.